ఆర్బర్‌వైటీ గోధుమరంగుకు తిరగడం గురించి సమాధానం

న్యూజెర్సీలో మీ ఇంటి కంచె వెంట మే నెలలో నాటించిన ఎమరాల్డ్ గ్రీన్ రకం ఆర్బర్‌వైటీలు (కంచెలా వరుసగా పెంచే సతతహరిత చెట్లు) అక్టోబరుకల్లా గోధుమరంగుకు తిరుగుతున్నాయనీ, వాటిలో రెండింటికి కొమ్మల చివర్లు కూడా ఎండాయనీ రాశారు. కాండానికి దగ్గరగా ఉన్న పాత ఆకులు మాత్రమే రాలుతుంటే దిగులు పడనవసరం లేదు. పేరుకు సతతహరితమే అయినా ఈ చెట్టు ఏటా శరదృతువులో లోపలి ఆకును కొంత విడుస్తుంది.

చివర్లు ఎండిన ఆ రెండింటి సంగతి వేరు. కాండం మొదలు దగ్గర మట్టి తీసి చూడండి: వేళ్లు విచ్చుకునే చోటు నేలమట్టానికి బాగా కిందికి పోయి ఉన్నా, వేరుముద్దకు చుట్టిన గోనెపట్టా, తాడు విప్పకుండానే పాతి ఉన్నా (తొందరలో నాటేవారు తరచుగా చేసే పనే ఇది) మొక్క నిలదొక్కుకోలేదు. వేరుముద్దలో నాలుగంగుళాల లోతున మట్టి పొడిగా తగిలినప్పుడల్లా, నేల గడ్డకట్టేవరకు, గొట్టంతో సన్నని ధారగా నీరు పెట్టండి. స్ప్రింక్లర్ జల్లు చాలాసార్లు పైపైనే ఆగిపోతుంది.

ఎండిన చివర్లను కత్తిరించవచ్చు గానీ, పచ్చదనం లేని పాత కొమ్మదాకా కోస్తే అక్కడ మళ్లీ చిగురు రాదు. చలికాలంలో జింకలు ఈ రకాన్ని ఇష్టంగా మేస్తాయి కనుక నవంబరులోనే వల చుట్టండి. ఆ రెండూ చనిపోతే వాటి స్థానంలో గ్రీన్ జెయింట్ అనే మరో ఆర్బర్‌వైటీ రకాన్ని నాటాలనుకోవద్దు. జింకలు దాన్ని అంతగా ముట్టవన్నది నిజమే, కానీ అది 50 అడుగుల వరకు పెరిగి మీ కంచెను మింగేస్తుంది.