స్పిట్‌ఫైర్ కట్టనివ్వండి, కానీ మూడో విమానంగా

ప్రశ్న: మా అబ్బాయి పదకొండో తరగతి. ఏరోనాటికల్ ఇంజినీరింగ్ చదువుతానంటాడు. ఈమధ్య స్పిట్‌ఫైర్ యుద్ధవిమానానికి రేడియో కంట్రోల్ స్కేల్ మోడల్ సొంతంగా కట్టి ఎగరేస్తానని ప్లాన్లు ముందేసుకుని కూర్చుంటున్నాడు. ఇంతకుముందు ఒక్క మోడలూ ఎగరేసింది లేదు. వాళ్ల నాన్న ఇదంతా టైమ్ వేస్ట్ అంటారు. నాకేమో ఎవరికైనా తగులుతుందేమోనని టెన్షన్. ఈ సరదా చదువుకు పనికొస్తుందా? వస్తే వాడు ఎలా సిద్ధం కావాలి? - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఇద్దరి బెంగల్లో మీదే ముందు తీర్చాల్సింది. 3 కిలోల మోడల్ గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వచ్చి తగిలితే, అదే బరువు ఆరంతస్తుల మేడ మీద నుంచి పడ్డంత దెబ్బ. పైగా ముందు ప్రొపెల్లర్ తిరుగుతూ ఉంటుంది. కాబట్టి ఇంట్లో దాన్ని బొమ్మ అనడం మానేయండి. విమానం అనండి. ఆ మాట మారితే మీ అబ్బాయి దాన్ని పట్టుకునే తీరు కూడా కొంత మారుతుంది.

ఇక స్పిట్‌ఫైర్ సంగతి. అది మొదటి విమానంగా ఎందుకు కుదరదో వాడి చేతే లెక్క వేయించండి. స్కేలు తగ్గించినప్పుడు రెక్క వైశాల్యం వర్గంలో తగ్గుతుంది, బరువు ఘనంలో తగ్గుతుంది. అసలు స్పిట్‌ఫైర్ ఖాళీ బరువు సుమారు 2,250 కిలోలు, రెక్క 22.5 చదరపు మీటర్లు. అంటే ఒక్కో చదరపు మీటరు 100 కిలోలు మోయాలి. ఆరో వంతు స్కేలులో అచ్చం అలాగే కడితే 10 కిలోలు దాటుతుంది, చదరపు మీటరుకు దాదాపు 17 కిలోలు పడుతుంది. అంత బరువు మోసే మోడల్ గాల్లో నిలబడాలంటే వేగంగానే పోవాలి, నేలకు కూడా అంతే వేగంగా దిగాలి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు దాన్ని అందులో సగం బరువుకే కట్టాలని గ్రాము గ్రాము లెక్కపెడతారు. అయినా చక్రాలు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి పరుగులో పక్కకు ఒరుగుతుంది. గాల్లో వేగం తగ్గితే ఒక రెక్క కొస ఉన్నట్టుండి పడిపోతుంది.

అదే లెక్క పైపర్ కబ్ అనే చిన్న తేలికపాటి విమానానికి వేయమనండి. ఖాళీ బరువు సుమారు 345 కిలోలు, రెక్క 16.6 చదరపు మీటర్లు. ఐదో వంతు స్కేలులో 2.8 కిలోల లోపే, చదరపు మీటరుకు 4 కిలోల పైచిలుకు. నేర్చుకునే విమానాలు కూడా దాదాపు ఇక్కడే ఉంటాయి. ఈ రెండు లెక్కలు పక్కపక్కన రాసుకున్న పిల్లవాడికి మీరు ‘వద్దు’ అని చెప్పాల్సిన పని ఉండదు. మొదట ఫోమ్ ట్రైనర్, రెండోది కబ్, మూడోది స్పిట్‌ఫైర్. ఆ వరస వాడే రాసుకుంటాడు.

ట్రైనర్ అంటే రెక్క పైన ఉండి, కొసలు కాస్త పైకి లేచి, రిమోట్‌లోని స్టిక్ వదిలేస్తే తనంతట తాను సర్దుకునే విమానం. దానికన్నా ముందు కంప్యూటర్‌లో సిమ్యులేటర్. రేపు వాడబోయే ట్రాన్స్‌మిటర్‌నే, అంటే చేతిలో ఉండే ఆ రిమోట్‌నే, దానికి తగిలించుకోవాలి. విమానం మన నుంచి దూరంగా వెళ్తున్నంతసేపూ అందరూ పైలట్లే. అది మన వైపు తిరగ్గానే కుడి ఎడమలు తారుమారై చేతులు మొరాయిస్తాయి. దీనికో చిట్కా ఉంది: ఎదురొస్తున్నప్పుడు ఏ వైపు రెక్క కిందికి వాలుతోందో స్టిక్‌ని ఆ వైపే జరపాలి, వాలిన రెక్కకు కర్ర పోటు పెట్టినట్టు. సిమ్యులేటర్‌లో వంద సార్లు కూల్చినా పోయేదేమీ లేదు, కూల్చనివ్వండి. తర్వాత నిజమైన మైదానంలో మొదటి కొన్ని ఎగురుళ్లు, తన ట్రాన్స్‌మిటర్‌తో అదుపు వెనక్కి తీసుకోగలిగే అనుభవజ్ఞుడి పక్కనే జరగాలి. ఈ ఒక్క విషయంలో బేరాల్లేవు.

కట్టడం గురించి ఎక్కువ చెప్పను, ప్లాన్ చదవడం వాడికి వచ్చినట్టే ఉంది. రెక్క మెలి తిరగకుండా చదునైన బల్ల మీదే అతికించమనండి. తోక తేలిగ్గా ఉంచమనండి. చాలా డిజైన్లలో తోక దగ్గర ఒక గ్రాము పెరిగితే ముక్కు దగ్గర రెండు మూడు గ్రాములు కలపాల్సి వస్తుంది. బ్యాలెన్స్ పాయింట్ ప్లాన్‌లో గుర్తు పెట్టిన చోటే రావాలి. మామూలు తిన్నని రెక్కకు అది ముందంచు నుంచి వెడల్పులో 25 నుంచి 30 శాతం మధ్య ఉంటుంది. స్పిట్‌ఫైర్ లాంటి గుడ్డు ఆకారపు రెక్కకు మాత్రం ఈ అందాజా పనికిరాదు, ప్లాన్‌దే మాట. ముక్కు బరువైన విమానం బద్ధకంగా ఎగురుతుంది, తోక బరువైన విమానం ఒక్కసారే ఎగురుతుంది అని మోడలర్లు ఊరికే అనరు.

నా సంగతి ఒకటి చెప్పాలి. చదువుకునే రోజుల్లో నాలుగు నెలలు కూర్చుని కట్టిన విమానాన్ని నాలుగు సెకన్లలో నేలకు కొట్టాను. ముందు రోజు రాత్రి సర్వో, అంటే పలకల్ని కదిపే చిన్న మోటారు, మార్చి, మళ్లీ బిగించాను. రెక్క చివరి పలకలు కదులుతున్నాయా అని చూశాను కానీ, ఏ వైపు కదులుతున్నాయో చూడలేదు. స్టిక్ కుడికి నెడితే కుడి పలక పైకి లేవాలి, ఎడమది దిగాలి. నాది తిరగబడింది. గాల్లో దిద్దబోయిన కొద్దీ ఇంకా ఒరిగింది. ఎవరికీ తగల్లేదు, అది నా తెలివి కాదు, అదృష్టం. అప్పటి నుంచి ఎగరేసే ముందు విమానం వెనక నిలబడి పైకే చెప్పుకుంటూ చూస్తాను: ‘కుడి, కుడి పలక పైకి. వెనక్కి లాగాను, ఎలివేటర్ (తోక మీది పలక) పైకి.’ పక్కవాళ్లు నవ్వుతారు, నవ్వనీ.

మీ అబ్బాయి ముందుగా ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసి, మోటారు వేగాన్ని నడిపే థ్రాటిల్ స్టిక్ పూర్తిగా కిందికి దించాకే విమానంలో బ్యాటరీ తగిలించాలి. ఆపేటప్పుడు దీనికి తిరగేసి, ముందు విమానం, తర్వాత ట్రాన్స్‌మిటర్. బల్ల మీద సెట్టింగులు మార్చేటప్పుడు ప్రొపెల్లర్ ఊడదీసి పక్కన పెట్టాలి. ఎలక్ట్రిక్ మోటారు చప్పుడు చేయకుండా పొంచి ఉంటుంది, వేళ్లు తెగేది ఎక్కువగా వర్క్‌షాప్‌లోనే. సిగ్నల్ పోతే మోటారు ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి, నేల మీదే ట్రాన్స్‌మిటర్ ఆపి చూసుకోవాలి. ఈ పరీక్షలో విమానాన్ని ఒకరు వెనక నుంచి గట్టిగా పట్టుకోవాలి. తర్వాత ట్రాన్స్‌మిటర్‌ని రేంజ్ చెక్‌లో, అంటే సిగ్నల్ ఎంత దూరం అందుతుందో చూసే పద్ధతిలో, పెట్టి ముప్ఫై పెద్ద అంగలు నడిచి, పలకలు వణక్కుండా కదులుతున్నాయో లేదో గమనించాలి.

లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ మీ ఇంట్లోనే ఉంటుంది కాబట్టి ఇది మీకు కూడా తెలియాలి. ఒక్కో సెల్ నిండితే 4.2 వోల్టులు, దాచేటప్పుడు 3.8 దగ్గర ఉండాలి. 2,200 ఎంఏహెచ్ ప్యాక్ అయితే 2.2 ఆంపియర్ల కన్నా ఎక్కువతో చార్జ్ చేయొద్దు. మంట అంటుకోని చోట పెట్టి, మనిషి పక్కనుండగానే చార్జింగ్. రాత్రి పెట్టేసి పడుకోవడం లేదు. ఉబ్బిన ప్యాక్‌కి ఇంకో అవకాశం ఇవ్వొద్దు.

మైదానం ఖాళీగా ఉండాలి. జనం, రోడ్లు, కరెంటు తీగలు విమానం దారిలోకి రాకూడదు. ఎగరడం, దిగడం గాలికి ఎదురుగానే. గాలి వాలులో పోతుంటే నేల మీద నుంచి చూసేవాడికి విమానం వేగంగా ఉన్నట్టు అనిపిస్తుంది, వాడు థ్రాటిల్ తగ్గిస్తాడు, మలుపులో అది కూలబడుతుంది. ఎన్నో మోడళ్లు పోయేది ఇక్కడే. ఎంత ఎత్తు, ఎక్కడ ఎగరేయొచ్చు, రిజిస్ట్రేషన్ కావాలా అన్నవి దేశాన్ని బట్టి మారతాయి. ఆ నియమాలు వాడి చేతే వెతికించి, చదివించి, మీకు వివరించమనండి.

ఇప్పుడు వాళ్ల నాన్నగారి ప్రశ్న. మోడల్ కట్టాడని ఇంజినీరింగ్ సీటు వస్తుందనుకోవద్దు. దానికి గణితం, ఫిజిక్స్ మార్కులే దారి, పరీక్షల నెలల్లో బాల్సా (మోడళ్లు కట్టే తేలిక చెక్క) పెట్టె అటకెక్కాల్సిందే. కానీ ఈ సరదాని తక్కువ చేయకండి. స్పేస్ షటిల్‌ని బోయింగ్ 747 వీపు మీద మోయొచ్చని, గాల్లోనే విడదీయొచ్చని చూపించడానికి నాసా ఇంజినీర్ జాన్ కైకర్ రేడియో కంట్రోల్ మోడళ్లు కట్టి ఎగరేశాడు. 2003లో మేనార్డ్ హిల్ బృందం 5 కిలోల లోపు బాల్సా మోడల్‌ని న్యూఫౌండ్‌లాండ్ నుంచి ఐర్లాండ్‌కి, దాదాపు 39 గంటల్లో అట్లాంటిక్ దాటించింది. అప్పటికి ఆయనకు 77 ఏళ్లు, చూపు సరిగ్గా ఆనదు. ఇంజినీరింగ్ విద్యార్థులు జట్లుగా రేడియో కంట్రోల్ విమానం డిజైన్ చేసి, కట్టి, ఎగరేసే పోటీని అమెరికాలోని ఏరోస్పేస్ ఇంజినీర్ల సంఘం ఏఐఏఏ 1996-97 నుంచి నడుపుతోంది. కాలేజీకి వెళ్లాక ఇలాంటి జట్టులో చేరడానికి ఇప్పటి పని నేరుగా పనికొస్తుంది.

అయితే రేపు ఎవరైనా అడిగేది ‘ఎగిరిందా’ అని కాదు, ‘ఎందుకు కూలింది, తర్వాత ఏం మార్చావు’ అని. అందుకు ఒక నోట్‌బుక్ కావాలి. అనుకున్న బరువు, వచ్చిన బరువు. బ్యాలెన్స్ ఎక్కడ ఉంది, ఆ రోజు గాలి ఎలా ఉంది, ఏం తప్పు జరిగింది. అది నిండుతున్నంత కాలం టైమ్ వేస్ట్ అనకండని ఆయనకు నా మాటగా చెప్పండి. నిండకపోతే ఆయన అన్నది నిజమేనని నేనూ ఒప్పుకుంటాను.

మీకూ ఒక పని ఉంది. ఎగరేసేవాడి చూపు విమానం మీదే ఉంటుంది, పక్కన ఏం జరుగుతోందో కనిపించదు. వాడి భుజానికి కాస్త వెనగ్గా నిలబడి మిగతా ఆకాశాన్నీ నేలనూ చూసే మనిషిని స్పాటర్ అంటారు. ఆ పని మీరు తీసుకోండి. ‘ఎడమ నుంచి ఇద్దరు వస్తున్నారు’, ‘దూరం పోతోంది, తిప్పు’, ఇలా ఉన్నదున్నట్టు చెప్పండి చాలు. ‘జాగ్రత్త నాన్నా’ అని మాత్రం మధ్యలో అనకండి, వాడు మీ వైపు తిరిగి చూస్తాడు.