రిపీట్ ప్యాటర్న్‌లో అతుకు ఎందుకు కనిపిస్తుంది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఆర్డర్ వచ్చాకే అచ్చు వేసి పంపే ప్రింట్ ఆన్ డిమాండ్ సైట్లకు డిజైన్లు గీసేవాళ్ల ప్రశ్నలకు ఈసారి చోటిచ్చాం. గుడ్డ నిండా పదేపదే పేర్చే బొమ్మ ముక్కను టైల్ అంటారు, అలా పేర్చగా వచ్చేదే రిపీట్ ప్యాటర్న్. ఈ ప్రశ్నలన్నిటి వెనుకా రెండు వేర్వేరు సమస్యలున్నాయి: టైల్‌కీ టైల్‌కీ మధ్య అతుకు కనిపించడం ఒకటి, అతుకు లేకున్నా పదేపదే అదే బొమ్మ వస్తోందని చూడగానే తెలిసిపోవడం రెండోది. మొదటిది లెక్కల పని, రెండోది గీత పని. రెంటినీ కలగాపులగం చేస్తే ఏదీ తేలదు.

*ఎండుమిర్చి బుటాలతో కుషన్ కవర్‌కి డిజైన్ చేశాను. ఫొటోషాప్‌లో ఆఫ్‌సెట్ పెట్టి అంచులు కలిపాను. తెర మీద బాగానే ఉంది. అచ్చు వేయించి తెప్పిస్తే ప్రతి టైల్ చుట్టూ సన్నని తెల్లగీత ఉంది. ఎక్కడ తప్పిందంటారు?*
– గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

అంచులు మీరు సరిగ్గానే కలిపి ఉంటారు. కలిపాక చేసిన పనుల్లో ఏదో ఒకటి దాన్ని చెడగొట్టి ఉంటుంది. ముందు పద్ధతి ఒకసారి సరిచూసుకోండి.

టైల్ 12 అంగుళాల చదరం, 150 డీపీఐ (అంగుళానికి 150 పిక్సెళ్లు) అనుకుందాం. అంటే 1800 × 1800 పిక్సెళ్లు. నేపథ్యం రంగు ఒక లేయర్, బుటాలు ఇంకో లేయర్. మొదటి విడత బుటాలన్నీ మధ్యలోనే గీయండి, ఏదీ అంచును తాకకూడదు. తర్వాత బుటాల లేయర్ మీద ఫిల్టర్, అదర్, ఆఫ్‌సెట్‌కి వెళ్లి అడ్డం 900, నిలువు 900 ఇచ్చి ర్యాప్ అరౌండ్ ఎంచుకోండి. ఆఫ్‌సెట్ బొమ్మను అంత మేర జరుపుతుంది, ర్యాప్ అరౌండ్ వల్ల ఒక అంచు దాటిన భాగం ఎదుటి అంచు నుంచి లోపలికి వస్తుంది. నాలుగు మూలలూ మధ్యకు వచ్చి, ప్లస్ గుర్తు ఆకారంలో ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీని కొత్త బుటాలతో నింపండి. పాతవి అంచు దగ్గర తెగినట్టు కనిపిస్తే కంగారు వద్దు, వాటి రెండో ముక్క ఎదుటి అంచున ఉంటుంది. కొత్తవి మాత్రం అంచు దాటకూడదు.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ ప్లస్ కొసలు నాలుగూ అంచుల దాకా వెళ్తాయి, అక్కడ ఖాళీ మిగిలిపోతుంది. అందుకని అడ్డం మాత్రమే 900 జరిపి ఒకసారి నింపండి. మళ్లీ అడ్డం 900 జరిపితే మొదటి చోటికి వస్తుంది. ఆపైన నిలువు మాత్రమే 900 జరిపి ఇంకోసారి నింపండి. గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కూడా ఆఫ్‌సెట్ ఉంది. క్రిటా అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అయితే డబ్ల్యూ కీ నొక్కితే ర్యాప్ అరౌండ్ మోడ్ వస్తుంది. కుడి అంచు దాటిన గీత ఎడమ అంచు నుంచి దానంతట అదే మొదలవుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మా సలహా క్రిటానే.

ఇక తెల్లగీత సంగతి. ఒక చిన్న పరీక్ష చేయండి. టైల్‌ను ప్యాటర్న్‌గా నింపి, దాని కింద ముందు నల్ల లేయర్, తర్వాత ముదురాకుపచ్చ లేయర్ పెట్టి, నూరు శాతం జూమ్‌లోనే చూడండి. వేరే జూమ్‌లో తెర తానే లేని గీతలు చూపిస్తుంది. కింది రంగు మారినప్పుడల్లా గీత రంగు కూడా మారుతోందా? అయితే అంచున ఉన్న పిక్సెళ్లు సగం పారదర్శకంగా ఉన్నాయన్నమాట. వాటిలోంచి గుడ్డ తెలుపు బయటపడుతోంది. మీ సమస్య ఇదే అయ్యుండే అవకాశం ఎక్కువ. ఇలస్ట్రేటర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో గీసి తెచ్చుకుంటే, అక్కడి ఆర్ట్‌బోర్డ్ (బొమ్మ గీసే పలక) కొలతలో గానీ, దాని చోటు చెప్పే ఎక్స్, వై విలువల్లో గానీ దశాంశాలు ఉంటే ఇలా జరుగుతుంది. అన్నీ పూర్ణసంఖ్యలు చేసి, నేపథ్యం దీర్ఘచతురస్రాన్ని ఆర్ట్‌బోర్డ్ కన్నా అన్ని వైపులా కొంచెం పెద్దదిగా పెట్టి, మళ్లీ ఎగుమతి చేయండి.

గీత రంగు మారకపోతే కారణం వేరు. టైల్ తయారయ్యాక సైజు తగ్గించారా? నీడ గానీ, బ్లర్ గానీ వేశారా? ఒక పిక్సెల్ రంగు తేల్చడానికి సాఫ్ట్‌వేర్ చుట్టుపక్కల పిక్సెళ్లను చూస్తుంది. అంచు పిక్సెల్‌కి అవతలి పక్క ఏమీ ఉండదు, అందుకే అక్కడ లెక్క తప్పుతుంది. దీనికి విరుగుడు ఉంది. టైల్‌ను అడ్డం మూడు, నిలువు మూడు పేర్చి 5400 × 5400 చేయండి. బ్లర్, సైజు మార్పు అన్నీ దాని మీదే చేసి, నడిమి టైల్ మాత్రం కత్తిరించి తీసుకోండి. సగానికి తగ్గిస్తే 2700 అవుతుంది. అందులో 900 నుంచి 1800 వరకు అడ్డం, నిలువు కోస్తే సరి. తగ్గించే శాతం కూడా టైల్ కొలత పూర్ణసంఖ్యగా వచ్చేలా చూసుకోండి. 1800లో 33 శాతం అంటే 594, ఇబ్బంది లేదు. 33.3 శాతం అంటే 599.4, గీత ఖాయం.

నీటిరంగు కాగితం గరుకును నేపథ్యంగా వాడేవాళ్లు ఆ లేయర్‌ను ఆఫ్‌సెట్ చేయడం మరిచిపోతుంటారు, అదీ చూసుకోండి. చివరగా, ఫైల్‌ను పీఎన్‌జీగా సేవ్ చేయండి. తక్కువ నాణ్యత జేపెగ్ అంచుల దగ్గర రంగు మార్చేస్తుంది.

*అతుకు ఎక్కడా లేదు. కానీ దూరం నుంచి చూస్తే చారలు, వరసలు కనిపిస్తున్నాయి. హాఫ్ డ్రాప్ చేయమన్నారు. సైట్‌లో ఆ ఆప్షన్ నొక్కితే పువ్వులు సగానికి తెగిపోయాయి.*
– ఫ్యాషన్ డిజైన్ విద్యార్థిని, అరండల్‌పేట, గుంటూరు

ముగ్గుల్లో సందు చుక్క పెట్టడం మీకు తెలిసే ఉంటుంది. హాఫ్ డ్రాప్ కూడా అంతే: పక్క నిలువు వరస సగం టైల్ కిందికి జరుగుతుంది. కన్ను అడ్డగీతను పట్టుకోలేక ఏటవాలుగా పోతుంది కాబట్టి రిపీట్ తొందరగా దొరకదు.

పువ్వులు తెగడానికి కారణం ఇది. మీ టైల్ సాదా గ్రిడ్ కోసం తయారైంది. కుడి అంచున 300వ పిక్సెల్ దగ్గర తెగిన పువ్వుకు మిగతా ముక్క ఎడమ అంచున అదే 300 దగ్గర ఉంది. హాఫ్ డ్రాప్‌లో అది 1200 దగ్గర ఉండాలి, అంటే 300కి టైల్ ఎత్తులో సగం 900 కలపాలి. సాదా టైల్ మీద ఆ ఆప్షన్ నొక్కితే తెగక తప్పదు. పైఅంచు, కిందిఅంచు మాత్రం మామూలుగానే కలవాలి.

సైట్ ఆప్షన్‌ను నమ్ముకోకుండా హాఫ్ డ్రాప్‌ను ఫైల్‌లోనే కట్టేయండి. 3600 × 1800 కాన్వాస్ తీసుకోండి. పక్క అంచులను తాకని బుటాలతో చేసిన 1800 టైల్‌ను ఎడమ సగంలో పెట్టండి. దాని నకలుకు నిలువు మాత్రమే 900 ఆఫ్‌సెట్ ఇచ్చి కుడి సగంలో పెట్టండి. రెండు లేయర్లనూ కలిపి మొత్తానికి అడ్డం 900 ఆఫ్‌సెట్ ఇస్తే రెండు కలయికలూ 900 దగ్గర, 2700 దగ్గర కాన్వాస్ లోపలికి వస్తాయి. అక్కడి ఖాళీలు పూరించండి. రెండు చోట్లా ఒకే పూరకం అక్కర్లేదు, వేరుగా గీస్తే రిపీట్ ఇంకా దాగుతుంది. ఈ టైల్‌ను సైట్‌లో సాదా గ్రిడ్‌గానే ఎక్కించాలి.

ఇంత చేసినా చారలు మిగిలితే తప్పు గ్రిడ్‌ది కాదు. మూడు నాలుగు టైళ్లు పేర్చి, 25 శాతానికి జూమ్ తగ్గించి, రంగు తీసేసి నలుపు తెలుపులో చూడండి. అన్నిటికన్నా ముదురుగా ఉన్న బుటా, అన్నిటికన్నా పెద్ద ఖాళీ, ఈ రెండే చారలు కట్టేవి. ముదురు బుటాను 15, 20 డిగ్రీలు తిప్పండి, లేదా దాని నకలును ఇంకో సైజులో టైల్‌లో మరోచోట పెట్టండి. ఖాళీని చిన్న ఆకుతోనో చుక్కతోనో పూడ్చండి. పెద్ద, మధ్య, చిన్న – మూడు సైజుల బుటాలు లేని డిజైన్ ఎంత అందంగా గీసినా వరసలు కట్టి తీరుతుంది.

*ఒకే టైల్‌ను 16 అంగుళాల కుషన్‌కీ, ఫోన్ కవర్‌కీ, దుపట్టాకీ వాడొచ్చా?*
– టైలరింగ్ షాపు యజమాని, వన్‌టౌన్, విజయవాడ

ఫైల్ ఒకటే ఉండొచ్చు, స్కేల్ ఒకటే ఉండకూడదు. 12 అంగుళాల టైల్‌లో 4 అంగుళాల బుటా దుపట్టా మీద హుందాగా ఉంటుంది. ఫోన్ కవర్ వెడల్పే దాదాపు 3 అంగుళాలు, దాని మీద ఒక్క బుటా కూడా పూర్తిగా పట్టదు. కవర్ కోసం టైల్‌ను 3 అంగుళాలకు తగ్గించండి. గుడ్డకు 150 డీపీఐ చాలు, దగ్గరగా చూసే ఫోన్ కవర్‌కు 300 కావాలి. కాబట్టి 3 అంగుళాలంటే 900 పిక్సెళ్లు. మీ 1800 టైల్‌ను సగానికి తగ్గిస్తే సరిపోతుంది, పైన చెప్పిన మూడు మూళ్ల పద్ధతిలోనే.

తగ్గించినప్పుడు గీతల మందం చూడండి. 12 అంగుళాల టైల్‌లో 4 పిక్సెళ్ల గీత గుడ్డ మీద 0.68 మిల్లీమీటర్లు పడుతుంది. అదే 3 అంగుళాలకు వచ్చేసరికి 0.17 మిల్లీమీటర్లు, అంటే ఉన్నా లేనట్టే. అర మిల్లీమీటర్ కన్నా సన్నని గీతను గుడ్డ మీద నమ్ముకోకండి. ఫోన్ కవర్‌కి బయటి గీతలు మందం చేసిన వేరే రూపం ఉంచుకోవడం మేలు. అచ్చుకు పంపేముందు టైల్‌ను అసలు కొలతలో కాగితం మీద ప్రింట్ తీసి కుషన్‌కి గుండుసూదితో గుచ్చి ఆరడుగుల దూరం నుంచి చూడండి. స్కేల్ తప్పు తెర మీద తెలియదు, ఇలా తెలుస్తుంది.

పెద్ద కొలతలో గీసి తగ్గించండి. చిన్న ఫైల్‌ను పెంచితే మసకబారుతుంది.

*తెర మీద మిర్చి ఎరుపు, కాటన్ మీద ఇటుక ఎరుపు. ఎందుకు?*
– గ్రాఫిక్ డిజైనర్, బ్రాడీపేట, గుంటూరు

తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, గుడ్డ ఇంకుతో. ఇంకు అందుకోలేని ఎరుపులు తెర మీద చాలా ఉన్నాయి. పైగా పాలిస్టర్ మీద సబ్లిమేషన్‌లో (వేడితో రంగును దారంలోకి ఎక్కించే అచ్చులో) వచ్చే మెరుపు కాటన్ మీద పిగ్మెంట్ ఇంకుతో రాదు. సైట్ వేరుగా చెప్పకపోతే ఫైల్‌ను తెరల రంగు పద్ధతి అయిన ఎస్‌ఆర్‌జీబీలోనే ఇవ్వండి. మీరే ఇంకుల రంగు పద్ధతి అయిన సీఎంవైకేకి మార్చి పంపితే సైట్ దాన్ని మళ్లీ మార్చి ఇంకా పాడుచేసే ప్రమాదం ఉంది. సరైన దారి ఒక్కటే: పన్నెండు రకాల ఎరుపుల గళ్లు ఒక ఫైల్‌లో పెట్టి, ప్రతి గడిలో దాని రంగు కోడ్ రాసి, మీరు అమ్మబోయే గుడ్డ మీదే చిన్న ముక్క అచ్చు వేయించండి. పగటి వెలుగులో చూసి నచ్చిన కోడ్ ఎంచుకోండి. ఇంకో గుడ్డకు మారితే ఇంకో ముక్క.

*పెడన కలంకారీ లతలు, మామిడిపిందెలు నా డిజైన్లలో వాడుకోవచ్చా? నా డిజైన్‌ను ఎవరైనా ఎత్తేస్తే?*
– ఇంటి నుంచి వ్యాపారం చేసే పాఠకురాలు, భవానీపురం, విజయవాడ

లత, మామిడిపిందె తరతరాలుగా ఉన్నవి, మీ చేత్తో మీరు గీసుకోవచ్చు. ఇప్పటి పనివారు ఎవరో కొత్తగా కూర్చిన అచ్చును ఫొటో తీసి దాని మీద గీయడం మాత్రం తగదు. పేరు దగ్గర ఇంకా జాగ్రత్త. పెడనలో వేసేది మచిలీపట్నం కలంకారీయే, ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది. చెక్క అచ్చులతో చేత్తో వేసే పనికి చెందిన ఆ పేరును మెషీన్ అచ్చు దిండుగలీబు మీద పెట్టకూడదు. కొన్నవాళ్లను మోసం చేయడమే కాదు, పెడనలో ఆ పని మీదే బతికేవాళ్ల అన్నం తీసుకోవడం కూడా. ‘పూలతీగ ప్యాటర్న్’ అని రాసుకోండి, చాలు.

మీ డిజైన్ రక్షణకు ఒక చట్టం మెలిక తెలుసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, డిజైన్ల చట్టం కింద నమోదుకు వీలుండీ నమోదు చేయించని డిజైన్‌ను యజమాని గానీ, ఆయన అనుమతితో మరొకరు గానీ యాంత్రిక పద్ధతిలో యాభై కన్నా ఎక్కువ వస్తువుల మీద వేశాక దాని మీద కాపీరైట్ పోతుంది. ప్రింట్ ఆన్ డిమాండ్‌లో ఒక డిజైన్ బాగా అమ్మితే ఆ లెక్క దాటడం పెద్ద పని కాదు. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయిస్తే పదేళ్లు, పొడిగిస్తే మరో ఐదేళ్లు రక్షణ ఉంటుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో ఇవ్వొచ్చు. నమోదు వస్తువుల తరగతిని బట్టి ఉంటుంది కాబట్టి గుడ్డకు ఒక దరఖాస్తు, ఫోన్ కవర్‌కి మరొకటి. అన్నిటికీ ఖర్చు పెట్టనక్కర్లేదు, బాగా నడుస్తుందని నమ్మకమున్న రెండు మూడింటికి చేయించండి. అయితే నమోదు కావాలంటే డిజైన్ కొత్తదై ఉండాలి. ఇన్‌స్టాగ్రామ్‌లోనో సైట్‌లోనో ఒకసారి పెట్టాక అది కొత్తది కాదు. అందుకని ముందు దరఖాస్తు, ఆ తర్వాతే అప్‌లోడ్.