ఐటీఐ నుంచి బీటెక్‌కు అడ్డదారి ఉందా?

ప్రశ్న: మావాడు పదో తరగతి అయ్యాక ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో చేరాడు. ఇప్పుడు రెండో ఏడాది. ఇంకా చదువుతానంటున్నాడు. ఒక ఏజెంటు ఐటీఐ క్రెడిట్లన్నీ కలిపి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేర్పిస్తానని, ముందు అడ్వాన్సు కట్టమని అంటున్నాడు. నమ్మవచ్చా?
– ఒక తండ్రి, రావులపాలెం

జవాబు: కట్టకండి. బీటెక్ రెండో ఏడాదిలో చేరేది పాలిటెక్నిక్ డిప్లొమావాళ్లు, లెక్కలతో బీఎస్సీ చేసినవాళ్లు. వాళ్లూ ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఐటీఐ సర్టిఫికెట్ ఒక్కటే చూపిస్తే ఆ సీటు రాదు.

ఏజెంటు మాటలో ఒక ముక్క నిజం లేకపోలేదు. 2023లో కేంద్రం తెచ్చిన జాతీయ క్రెడిట్ విధానంలో ఏడాదికి 1,200 గంటల చదువును 40 క్రెడిట్లుగా లెక్కగడతారు. వర్క్‌షాపులో చేసిన పనీ అందులోకి వస్తుంది. ఆ క్రెడిట్లు జమ చేసుకోవడానికి అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అనే ఆన్‌లైన్ ఖాతా ఉంది. కానీ ఖాతాలో ఉన్నంత మాత్రాన ప్రతి కాలేజీ వాటిని తీసుకుని తీరాలని లేదు. ఏ కోర్సుకి, ఎన్ని, ఏ సబ్జెక్టుకు బదులుగా అన్నది చేర్చుకునే సంస్థ నిబంధనల్లో ఉండాలి. అది కాగితం మీద చూపించమంటే మీ ఏజెంటు మళ్లీ కనిపించడు.

మీవాడికి గట్టి దారి పాలిటెక్నిక్. మన రాష్ట్రంలో రెండేళ్ల ఐటీఐ పాసైనవాళ్లు బ్రిడ్జి కోర్సు చేసి, దాని పరీక్ష గట్టెక్కితే డిప్లొమా రెండో ఏడాదిలో చేరవచ్చు. ఎలక్ట్రీషియన్ అయితే ఈఈఈ, అంటే ఎలక్ట్రికల్ బ్రాంచి. అక్కడ రెండేళ్లు, తర్వాత ఈసెట్, బీటెక్‌లో మూడేళ్లు. పది తర్వాత మొత్తం ఏడేళ్లు. ఇంటర్ మీదుగా వెళ్లినవాడికి ఆరు. ఆ ఒక్క ఏడాదికి మీవాడి చేతిలో మూడు సర్టిఫికెట్లు ఉంటాయి, మధ్యలో ఎక్కడ ఆగినా పని చేసుకోగలడు.

అసలు చిక్కు లెక్కలతోనే. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ల్యాబులో మోటారు విప్పి వైండింగ్ చూపించమంటే, ఐటీఐ నుంచి వచ్చిన పిల్లలు మిగతావాళ్లకు నేర్పేవారు. అదే కుర్రాళ్లు ఇంటిగ్రేషన్ అనేసరికి టెన్షన్ పడిపోయేవారు. వాళ్ల తప్పేం లేదు. డిఫరెన్షియేషన్ డిప్లొమా మొదటి ఏడాదిలోనే చెప్పేస్తారు, వీళ్లొచ్చేది రెండో ఏడాదికి. బ్రిడ్జి కోర్సు ఆ ఖాళీని కొంతే పూడుస్తుంది. ఈసెట్‌లోనూ 200 మార్కుల్లో లెక్కలకే 50. ఫిజిక్స్, కెమిస్ట్రీలకు చెరో 25. బ్రాంచి సబ్జెక్టులకు 100. అందుకని ఆ అడ్వాన్సు డబ్బుతో డిప్లొమా మొదటి ఏడాది లెక్కలకు ట్యూషన్ పెట్టించండి. చేరాక కాదు, ఇప్పుడే.

బ్రిడ్జి కోర్సు ప్రకటన పేపర్లో ఏదో మూల చిన్నగా వస్తుంది, చూసేలోపే గడువు దాటిపోతుంది. దగ్గర్లోని ప్రభుత్వ పాలిటెక్నిక్‌లోగానీ, ఐటీఐ ప్రిన్సిపాల్‌నిగానీ ముందే అడిగి ఉంచండి. ఐటీఐలో ఎంత శాతం మార్కులుండాలో కూడా అప్పుడే తెలుసుకోండి. మీవాడికి ఆఖరి పరీక్షలు ఇంకా ఉన్నాయి కదా.