ఈనిందా లేదా? హాలండ్ ఆవుల లెక్కలు (పాడి – పశువులు: మీ ప్రశ్నలకి మా డాక్టర్ జవాబులు)

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మేం ఉట్రెక్ట్‌లో ఉంటాం, ట్రైనెక్కితే చాలు రెండు పక్కలా ఆవులే. ఈ దేశంలో ఎన్ని ఆవులున్నాయో, ఏది పాలదో ఏది మాంసానిదో గవర్నమెంటు ఎలా లెక్కేస్తుందండీ? మనూళ్ళో లాగా ఇంటింటికీ మనిషొస్తాడా?
– ఒక పాఠకురాలు, ఉట్రెక్ట్

జవాబు: ఎవరూ రారమ్మా, లెక్క ఎప్పటికప్పుడు కంప్యూటర్లోనే ఉంటుంది. దూడ పుడితే రెండు చెవులకీ పసుపు ట్యాగులు వేసి, మూడు పనిరోజుల్లోపు రైతు ఆన్‌లైన్‌లో ఎంట్రీ కొట్టాలి, పుట్టిన తేదీ, ఆడో మగో, ఒంటి రంగు, ముఖ్యంగా తల్లి నంబరు. ట్యాగు మీద ఎన్‌ఎల్ (నెదర్లాండ్స్, అంటే హాలండే) అని, పక్కన తొమ్మిదంకెలు, అందులో నాలుగు మాత్రం దూరం నుంచి కనపడేలా ఇంత లావున కొడతారు, కొట్టంలో రైతుకి రోజూ పనికొచ్చేది ఆ నాలుగే. అమ్మినా, కొన్నా, చచ్చినా, కబేళాకి పంపినా మళ్ళీ ఎంట్రీ. అక్కడి స్టాటిస్టిక్స్ ఆఫీసు సీబీఎస్ వాళ్ళు ఏటా ఏప్రిల్ 1 నాటికి ఎన్నున్నాయని ఈ రిజిస్టర్లోంచే తీసుకుంటారు. 2023 ప్రాంతంలో అన్నీ కలిపి ఓ 37–38 లక్షలు, అందులో పాలావులు 15 లక్షల పైచిలుకు.

ఇక పాలదా మాంసానిదా అంటారా, అది ట్యాగు మీద రాసుండదు. చూసేవి మూడు, వయసెంత, ఒక్కసారైనా ఈనిందా, దేనికోసం పెంచుతున్నారు. ఈని, పాలకోసం ఉన్నదైతే కోడ్ 100, వట్టిపోయి ఉన్నా సరే అదే కోడ్. ఏడాది లోపు పెయ్య 101, ఏడాది దాటి ఇంకా ఈననిది 102. ఈని, పాలు పిండకుండా దూడకే వదిలేసే మాంసం జాతి ఆవు 120. మీ ఊరి రైతుని వంద, నూట ఇరవై అని అడిగి చూడండి, టక్కున చెప్తాడు.

ప్రశ్న: సార్, ఇక్కడ ఒక ఫారంల పిర్రలు ఇంతింత లావున్న తెల్లావు చూసిన, ఎద్దు లెక్కుంది. అది మాంసందే కదా, చూస్తనే తెలుస్తది కదా, ఇంక ఈ కోడ్‌లన్ని ఎందుకు?
– ఐండోవెన్ నుంచి ఒక నిజామాబాద్ తమ్ముడు

జవాబు: అది బెల్జియన్ బ్లూ అనే మాంసం జాతి అయ్యుంటుంది తమ్మీ. కానీ ఒళ్ళు చూసి తేల్చేస్తే ఇరుక్కుంటావ్. పాలు తక్కువిచ్చే నల్ల మచ్చల హోల్‌స్టీన్‌కి ఈ బెల్జియన్ బ్లూ సెమెనే వేయిస్తారు చాలామంది, ఎందుకంటే ఆ దూడకి రేటెక్కువ. తల్లేమో 100లోనే ఉంటుంది, దూడ రెండు వారాలకే లారీ ఎక్కి దూడ మాంసం ఫారానికి పోతుంది, దానికి కోడ్ వేరు. ఆ దూడలే అక్కడ దాదాపు పది లక్షలుంటాయి, జర్మనీ నుంచీ ఐర్లాండ్ నుంచీ కూడా దిగుతాయి.

ప్రశ్న: 2017లో హాలండ్‌లో ఆవులకి కవల దూడలు తెగ పుట్టాయంట కదా డాక్టర్ గారూ, ఏదైనా మందు వాడారా? మాకూ దొరుకుతుందా?
– ఒక పాడి రైతు, తెనాలి దగ్గర

జవాబు: మందూ లేదు మాకూ లేదు, కాయితాల మీద పుట్టిన కవలలు అవి.

కొంచెం వెనక్కెళ్ళాలి. యూరప్‌లో పాల కోటా, అంటే ఇంతకి మించి పాలు తియ్యకూడదన్న హద్దు, 2015 ఏప్రిల్ 1 నుంచి ఎత్తేశారు, ఎత్తేస్తారని ముందే తెలుసు కాబట్టి డచ్ రైతులు ఆవుల్ని పెంచుకుంటూ పోయారు, 2016కి పాలావులు 17 లక్షలు దాటేశాయి. ఆవులు పెరిగితే పేడ పెరుగుతుంది, పేడతో పాటు అందులో ఉండే ఫాస్ఫేటూ (భాస్వరం, ఎక్కువైతే నీళ్ళు పాడవుతాయి). దేశం మొత్తానికి ఏడాదికి 17.29 కోట్ల కిలోలే అని యూరప్‌తో ఒప్పుకున్న హద్దు దాటిపోయింది. దాంతో 2017లో ఆవుల్ని తగ్గించండి అన్నారు, ఎలా లెక్కేశారంటే ఈనిన ఆవు 1 యూనిట్, ఏడాది దాటిన ఈనని పెయ్య 0.53, చిన్న పెయ్య 0.23. పెయ్య రాత్రి ఈనిందనుకో, తెల్లారేసరికి 0.53 కాస్తా 1 అయిపోతుంది! పశువు అదే, గడ్డి అదే, టార్గెట్ దాటితే మాత్రం నెలకి యూనిట్‌కి రెండొందల యూరోల పైన కట్టాలి.

అక్కడే కొందరికి బుర్ర పనిచేసింది. తొలిచూలు పెయ్యకి పుట్టిన దూడని, ఆ వారంలోనే ఈనిన ముసలావు నంబరు కింద ఎక్కించేశారు. ముసలావుకి కవలలు, పెయ్యేమో ఇంకా ఈననట్టే. అయితే హోల్‌స్టీన్‌లలో మామూలుగా వంద ఈతలకి మూడో ఐదో కవలలుంటాయి, కొన్ని ఫారాల్లో చూస్తే మరీ ఎక్కువ, ఇన్‌స్పెక్టర్లకి అదే అనుమానం. డీఎన్ఏ టెస్ట్ చేస్తే తల్లెవరో దాచలేం కదా. 2018 మొదట్లో రెండు వేల పైగా ఫారాలని బ్లాక్ చేశారు, పశువు బయటికి పోకూడదు లోపలికి రాకూడదు. సరిదిద్దుకుని, వివరణ ఇచ్చాక చాలావాటికి తీసేశారనుకోండి.

తప్పు తప్పే. ఆ రిజిస్టర్ అసలు పెట్టిందే రోగమొస్తే పశువు ఎక్కడ పుట్టింది, ఎక్కడెక్కడ తిరిగింది అని వెతకడానికి, 2001లో గాలికుంటుతో ఆ దేశం ఎంత నష్టపోయిందో పశువైద్యులందరికీ తెలుసు. అలాంటి రిజిస్టర్లో తల్లి నంబరు మార్చేస్తే ఎలా? కాకపోతే నన్నడిగితే, రోగాల కోసం పెట్టిన పుస్తకాన్నే డబ్బుల లెక్కకీ వాడితే దాంట్లో దొంగ రాతలు రాకుండా ఉండవు. 2018 జనవరి నుంచి ఫాస్ఫేట్ హక్కులని పెట్టారు, అంటే చేతిలో ఎన్ని కిలోల హక్కుంటే అన్ని పాల పశువుల్నే పెంచుకోవాలి; వాటిని మొదట పంచింది 2015 జూలై 2న ఎన్ని పశువులుంటే దాన్నిబట్టి. ఆవొక్కదానికి నలభై కిలోల దాకా హక్కు కావాలి, కిలో వంద యూరోలు దాటి అమ్ముడుపోయిన రోజులున్నాయి, మీరే గుణించుకోండి. పాల వ్యాపారమే లేని మాంసం ఆవుల రైతులు మా పెయ్యల్ని ఇందులోకి లాగుతారేంటని గొడవ చేస్తే వాళ్ళకి విడిగా మినహాయింపు పథకం పెట్టాల్సొచ్చింది.

ప్రశ్న: మా పెయ్య చెవి ట్యాగు కంచెకి తగులుకుని ఊడిపోయింది సార్. హాలండ్‌లో అయితే ఏం చేస్తారు, మేమేం చెయ్యాలి?
– ఒక రైతు, మదనపల్లె

జవాబు: అక్కడైతే అదే నంబరుతో ఇంకో ట్యాగు ఆర్డరిస్తారు, రెండో చెవికి ఒకటి ఎలాగూ ఉంటుంది కాబట్టి నంబరు పోదు. మనకి ఒక చెవికే, పన్నెండంకెలది, పోతే పోయినట్టే. ఇన్సూరెన్స్ కార్డు మీదో పాలసీ కాయితం మీదో పాత నంబరుంటుంది, అది పట్టుకుని పశువుల ఆస్పత్రికెళ్ళి కొత్తది వేయించి, పాత నంబరుకి లింక్ చేయమని చెప్పండి, ఇన్సూరెన్స్ వాళ్ళకీ అప్పుడే రాసివ్వండి. ట్యాగు లేకపోతే క్లెయిమ్ ఇవ్వరు. ఈసారి వేయించగానే చెవితో సహా ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి.