చిన్న యూనిట్లో పనిచేసే ఆడవారి చేతికి నిర్ణయం ఎలా వస్తుంది?

రావులపాలెం దగ్గర ఎనిమిది మంది ఆడవారితో పచ్చళ్లు, పొడుల యూనిట్ నడుపుతున్నానని, వారు చెప్పిన పని శ్రద్ధగా చేస్తారు గానీ తమంతట తాము ఏ నిర్ణయమూ తీసుకోరని, మీరు ఊళ్లో లేని రోజున ఆర్డర్లు ఎక్కడివక్కడ ఆగిపోతున్నాయని రాశారు. వారిని ఎదగనివ్వడం ఎలా, వారు పొరపాటు చేస్తే ఆ నష్టం ఎవరు భరించాలి అన్నవి మీ రెండు ప్రశ్నలు. నేను ఆత్రేయపురం వైపు పూతరేకుల యూనిట్ నడుపుతున్నాను. సరుకు వేరైనా పనిచేసే మనుషులు ఒకే తీరు వారు కాబట్టి, నా అనుభవంలో ఉన్నంత మేరకు చెబుతాను.

ముందుగా ఒక సంగతి గమనించండి. మీ దగ్గర నోరు మెదపకుండా కారం కలిపే ఆవిడ సాయంత్రం ఇంటికి వెళ్లాక డ్వాక్రా సంఘానికి లీడరు కావచ్చు. నెలనెలా పొదుపు వసూలు చేసి, ఈసారి అప్పు ఎవరికి ముందు ఇవ్వాలో పదిమందిలో కూర్చుని తేల్చి, తీర్మానం పుస్తకంలో రాయించి, బ్యాంకు మేనేజరు ఎదుట కుర్చీ లాక్కుని కూర్చుని మాట్లాడే మనిషి ఆవిడ. అలాంటి మనిషి మన గుమ్మం దాటి లోపలికి వచ్చేసరికి "ఏం చేయమంటారు అక్కా?" అని ప్రతి చిన్నదానికీ అడుగుతోందంటే లోపం ఆవిడ ధైర్యంలో లేదు, మన పనిచోట ఏర్పాటులో ఉంది. కాబట్టి ఆవిడకు మనం కొత్తగా శక్తి నేర్పనక్కరలేదు. ఆవిడకు ఇప్పటికే ఉన్న తెలివిని మన దగ్గర కూడా వాడుకునే వీలు కల్పిస్తే చాలు. వ్యక్తిత్వ వికాసం మీద ఉపన్యాసం ఇప్పించాలనుకునే వారికి నేను మర్యాదగా వద్దనే చెబుతాను. ఆ ఖర్చుతో పొయ్యి మీదికి ఒక మంచి పొగగొట్టం వస్తుంది.

ఇక ఈ "అక్కా" అన్న పిలుపు గురించి. యజమాని ఆడమనిషి అయితే పనివారికి మేలని అందరూ అనుకుంటారు. కొంతవరకు నిజమే, ఒంట్లో నలతగా ఉందని చెప్పడానికి, పిల్లవాడికి జ్వరమని ముందుగా వెళ్లిపోవడానికి మన దగ్గర సంకోచం తక్కువ. కానీ అదే చనువు ఇంకోవైపు కోస్తుంది. సంక్రాంతి ముందు రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చోబెట్టి, "మన ఇంటి పనే కదమ్మా" అని చీర పెట్టి పంపించే యూనిట్లు మన చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. మేస్త్రిని అదనపు కూలి అడగగలిగిన మనిషి అక్కను అడగలేదు. చీర పెట్టండి, తప్పు లేదు. అయితే అదనపు గంటల కూలి లెక్క వేరుగా కట్టి, అదీ ముందే చెప్పిన రేటు ప్రకారం, ఇచ్చిన తరువాతే పెట్టండి. ఆప్యాయతనూ కూలినీ కలిపేసిన చోట పనివారు తమకు రావలసినది అడగలేరు, అడగలేని మనిషి నిర్ణయమూ తీసుకోలేదు.

మా పనిలో రేకులు తీసేవారికి వందకు ఇంత అని, చుట్టేవారికి ఇంకోలా లెక్క ఉంటుంది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకులు మండుతూ ఉంటే, పలుచని పిండిలో ముంచిన బట్టను కుండ మీద ఒక్కసారి పరిచి లాగుతారు. క్షణంలో ఆరిన రేకును చిరగకుండా పైకి లేపుతారు. ఇందులో విరిగిన రేకు ఎవరి ఖాతాలోకి వెళుతుందన్నది ఈ పనిలో అన్నిటికంటే పెద్ద ప్రశ్న. చాలాచోట్ల అది తీసిన మనిషి ఖాతాలోకే వెళుతుంది, పిండి బాగోలేకపోయినా సరే. మా దగ్గర ఒక డబ్బా అమ్మకపు ధర ఎలా విడిపోతుందో, అంటే బియ్యానికి ఎంత, నెయ్యికి ఎంత, పంచదారకో బెల్లానికో ఎంత, అట్టపెట్టెకు, పార్సిలుకు, కూలికి ఎంత, చివరకు నాకు మిగిలేది ఎంత అన్నది గోడ మీది నల్లబల్లపై రాసి ఉంచుతాను. నాకు మిగిలేది పనివారికి తెలిస్తే కూలి పెంచమంటారని భయపెట్టినవారు ఉన్నారు. అడిగారు కూడా, లెక్క ఎదురుగా ఉంది కాబట్టి ఎంత పెంచవచ్చో ఇద్దరం కలిసే తేల్చుకున్నాం. నెయ్యి ధర పెరిగిన నెలలో ఎక్కడ తగ్గించుకోవచ్చో మొదట చెప్పింది కూడా వారే.

లెక్క తెలిసిన తరువాతే అధికారం పనికి వస్తుంది. మా దగ్గర పిండి రుబ్బించి, పలుచన చూసే పెద్దావిడ ఒకరు ఉన్నారు. దుకాణం నుంచి వచ్చిన బియ్యాన్ని దించుకోవాలో వెనక్కి పంపాలో ఆవిడే చెబుతుంది. ఒకసారి వచ్చిన బస్తాను చేతిలోకి తీసుకుని, నాలుగు గింజలు కొరికి చూసి, ఈ పనికి వాడే జయ రకంలో వేరే రకం కలిసిందని, రేకు నిలవదని వెనక్కి పంపేసింది. దుకాణదారు నాకు ఫోను చేసి, "మీ మనిషికి ఏం తెలుసమ్మా, మీరొక మాట చెప్పండి" అన్నాడు. "సరుకు విషయంలో ఆవిడ మాటే మా మాట" అని పెట్టేశాను. ఆ సంభాషణ ఆవిడ వినేలా నేను అక్కడే నిలబడి మాట్లాడాను. పనివారి నిర్ణయాన్ని వారి పరోక్షంలో మనమే తిరగేస్తే, తరువాతి బస్తా వచ్చినప్పుడు ఆవిడ గింజ కొరికి చూడదు, మనకే ఫోను చేస్తుంది. మీ దగ్గర దీనికి సమానమైనది మిరపకాయల నాణ్యత, నూనె డబ్బాల లెక్క, ఉప్పు పాళ్లు. వీటిలో ఒక్కదాన్ని ఎంచుకుని, ఒక్కరికి పూర్తిగా అప్పగించి, ఆ సంగతి సరుకు తెచ్చేవారికి కూడా మీ నోటితోనే చెప్పండి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. డబ్బా మీద ఆ పేరు వేసుకుని అమ్ముకునే హక్కు మనకు ఉందంటే, దాన్ని నిలబెట్టేది గింజ కొరికి చూసే ఇలాంటివారే.

బట్వాడా, అంటే కూలి చెల్లింపు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. శనివారం సాయంత్రం చేతికిచ్చిన నోట్లు ఇంటికి చేరేలోపు ఎవరి జేబులోకి వెళతాయో మన ఊళ్లలో అందరికీ తెలిసిన విషయమే. కూలి డబ్బు ఆవిడ ఒక్కరి పేరున ఉన్న బ్యాంకు ఖాతాలో పడాలి. ఉమ్మడి ఖాతాలోనో, భర్త ఫోను నంబరు కలిపిన ఖాతాలోనో పడకూడదు. డబ్బు పడినట్టు సందేశం ఎవరి ఫోనుకు వెళుతోందో తప్పక అడగండి. ఇంట్లో ఇది గొడవకు దారితీస్తుందని కొందరు వెనకాడతారు. వారి ఇష్టానికి వదిలేయండి, బలవంతపెట్టకండి. కొందరు సగం చేతికి, సగం ఖాతాలోకి అడుగుతారు. అది కూడా వారి నిర్ణయమే.

మీ దగ్గర ఎనిమిది మందే ఉన్నారు కాబట్టి ఈ.ఎస్.ఐ., అంటే కార్మికుల వైద్య బీమా, మీకు తప్పనిసరి కాదు, పదిమంది ఉంటేనే తప్పనిసరి. ఆ లోటును కొంత పూడ్చుకోవడానికి ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా, 436 రూపాయల జీవన్ జ్యోతి బీమా ఉన్నాయి. మొదటిది ప్రమాద మరణానికి, రెండవది ఏ కారణంతో మరణించినా 2 లక్షల రూపాయలు ఇస్తుంది. మొదటిదానిలో 70 ఏళ్ల వరకు, రెండవదానిలో 50 ఏళ్ల వరకు చేరవచ్చు. ప్రీమియం ఏటా మే నెలాఖరుకు ఖాతా నుంచి కోత పడుతుంది. ఆ సమయానికి ఖాతా ఖాళీగా ఉంటే బీమా ఆగిపోతుంది, ఆగిన సంగతి ప్రమాదం జరిగాకే బయటపడుతుంది. ఆ 456 రూపాయలు యూనిట్ తరఫున మే మొదటివారం కూలితో కలిపి వేయడం మీకు భారం కాదు.

మనం మామూలుగా దాటవేసే విషయం ఇంకొకటి ఉంది. "మా దగ్గర అందరూ ఆడవాళ్లే, లైంగిక వేధింపుల చట్టంతో మాకేం పని?" అంటారు. పార్సిలు తీసుకెళ్లే కుర్రాడు, సరుకు దించే డ్రైవరు, టోకుగా కొనే పెద్దమనిషి మాటేమిటి? 2013 నాటి ఆ చట్టం ప్రకారం పదిమందికంటే తక్కువ పనిచేసే చోట ఉన్నవారు జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఘటన జరిగిన మూడు నెలల లోపు రాయాలి. ఈ రెండు వాక్యాలూ తెలుగులో రాసి గోడకు అంటించండి. ఎంత పెద్ద కొనుగోలుదారుడైనా సరే, తప్పుగా మాట్లాడినవాడికి సరుకు కట్టనని చెప్పే అధికారం ప్యాకింగు దగ్గర కూర్చున్న మనిషికి ఉండాలి. మరుగుదొడ్డి, కూర్చోవడానికి వీపు ఆనే పీట, పొగ బయటికి పోయే దారి వంటివాటి గురించి వేరే చెప్పనక్కరలేదనుకుంటాను.

పనివేళలు వారినే కూర్చుని తేల్చుకోమనండి. మన డెల్టాలో జూలై, ఆగస్టు నెలల్లో గోదావరి పొంగితే లంక గ్రామాల నుంచి వచ్చేవారికి కాజ్‌వే మునిగిపోతుంది. పడవ దాటి రావడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ఆ రోజుల్లో ఎవరు రాలేకపోతారు, వారి పని ఎవరు చేస్తారు, వారికి సగం కూలి ఎలా సర్దుబాటు చేయాలి అన్నది మా దగ్గర వర్షాలకు ముందే వారే జాబితా వేసుకుంటారు. నా పని దాని మీద సంతకం చేయడం. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవారికి పల్లెవెలుగు బస్సులు ఉచితం అయ్యాక, మా వేళలను బస్సు వేళలకు సరిపోయేలా మార్చుకోవాలని ప్రతిపాదించింది కూడా వారే. అంతకుముందు ఆటోకు పోయే డబ్బు మిగిలింది.

పని పూర్తిగా నేర్పితే రేపు ఎదురుగా దుకాణం పెడుతుందేమో అన్న భయం మీ ప్రశ్నలో పైకి లేకపోయినా, అడుగున ఉన్నట్టు నాకు అనిపించింది. పెడుతుంది, పెట్టనివ్వండి. మా దగ్గర చుట్టడం నేర్చుకున్న ఒకావిడ 50 వేల రూపాయల వరకు ఇచ్చే ముద్ర శిశు రుణం తీసుకుని, ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ చేయించుకుని సొంతంగా మొదలుపెట్టింది. పెళ్లిళ్ల రోజుల్లో మాకు పట్టనన్ని ఆర్డర్లు వచ్చినప్పుడు కొంత ఆవిడకే ఇస్తాను. రేకు నాణ్యత నాకు తెలుసు, నా లెక్క ఆవిడకు తెలుసు కాబట్టి బేరం రెండు నిమిషాల్లో తేలిపోతుంది. పూతరేకులకు పేరు వచ్చింది ఒక్క ఇంటివల్ల కాదు, ఊరంతా ఇదే పని చేయడం వల్ల. యంత్రాలు పెట్టాలనుకునేవారికి, 2020లో మొదలైన సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకంలో పెట్టుబడి ఖర్చులో 35 శాతం, 10 లక్షలకు మించకుండా రాయితీ ఏర్పాటు చేశారు. దాని గురించి మీ బ్యాంకులో మీకోసం అడిగేటప్పుడు, వెంట మీ దగ్గర పనిచేసే ఒకరిని తీసుకెళ్లండి.

నష్టం ఎవరిది అన్న మీ రెండవ ప్రశ్నకు నా దగ్గర ఉన్న పద్ధతి ఇది. ఐదు వందల రూపాయల లోపు ఖర్చయినా, సరుకు మార్పు అయినా, కొనుగోలుదారుడికి డబ్బు తిరిగి ఇవ్వడమైనా, నన్ను అడగకుండా చేయవచ్చు. చేసింది పుస్తకంలో ఒక వాక్యం రాసి, పక్కన పేరు రాయాలి. ఆ పరిమితి లోపల వచ్చిన నష్టం యూనిట్‌ది. బట్వాడాలో ఒక్క రూపాయి కూడా కోయను. పరిమితి దాటితే ఫోను చేయాలి, నేను ఎత్తకపోతే అక్కడ ఉన్నవారిలో ఇద్దరు ఒప్పుకుంటే చాలు. పుస్తకాన్ని నెలకోసారి అందరం కలిసి చదువుతాం, ఎవరినీ నిలదీయడానికి కాదు, పరిమితి పెంచాలా వద్దా చూడటానికి. మీ అమ్మకాలకు తగ్గట్టు మీరు వేరే మొత్తం పెట్టుకోండి. చాలా తక్కువ పెడితే మాత్రం ఫోన్లు ఇప్పటిలాగే మోగుతూనే ఉంటాయి.