సర్వర్ రూమ్‌కి ఇంకో ఏసీ కావాలా?

ప్రశ్న: మా ఆఫీసు సర్వర్ రూమ్‌లో ఆరు ర్యాకులున్నాయి. ఏసీ 18 డిగ్రీల మీద నడిపినా పైవరస సర్వర్లు వేడెక్కుతున్నాయి. కరెంటు బిల్లు తడిసి మోపెడవుతోంది. ఇంకో ఏసీ పెట్టించమంటారా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: దయచేసి కొనకండి. పైవరసలే వేడెక్కుతున్నాయంటే చాలావరకు చల్లదనం చాలక కాదు, వెనక వదిలిన వేడిగాలి ర్యాక్ పైనుంచి, ఖాళీ స్లాట్లలోంచి ముందుకొచ్చి మళ్లీ సర్వర్లలోకే పోతోంది. ముందు ప్రతి ఖాళీ స్లాట్‌కీ బ్లాంకింగ్ ప్యానెల్ (ఖాళీని మూసే పలక) బిగించండి. ఒక్కటి వదిలేసినా గాలి అక్కడినుంచే దూరుతుంది. కేబుళ్ల కోసం కోసిన రంధ్రాలకు బ్రష్ గ్రోమెట్లు (కేబుల్ చుట్టూ ఖాళీని మూసే కుచ్చు బిగింపులు) వేయండి. ర్యాకుల ముఖాలన్నీ ఒకే వైపుకో, ఎదురెదురుగానో ఉండాలి. ఒకదాని వీపు ఇంకోదాని ముఖానికి తగలకూడదు.

తర్వాత ర్యాక్ ముందువైపు కింద, మధ్య, పైన సెన్సర్లు పెట్టండి. గది మధ్య గోడమీది థర్మామీటర్‌ను నమ్మొద్దు. సర్వర్‌లోకి వెళ్లే గాలికి ఆష్రే (అమెరికాలోని ఏసీ, శీతలీకరణ ఇంజినీర్ల సంఘం) సిఫార్సు 18 నుంచి 27 డిగ్రీలు. ఏసీ సెట్‌పాయింట్‌ను (మీరు పెట్టే ఉష్ణోగ్రతను) ఒక్కో డిగ్రీ పెంచి, రెండు మూడు రోజులు చూసి, పై సెన్సర్ 25 డిగ్రీలు చూపగానే ఆగండి. ఏసీ ఫ్యాన్ వేగం మార్చే వీలుంటే 20 శాతం తగ్గించండి, ఫ్యాన్ కరెంటు దాదాపు సగమవుతుంది.