ఆశా కార్యకర్తగా చేరబోతున్న మా అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

అమ్మాయ్,

నువ్వు అత్తగారి ఊళ్ళో ఆశాగా ఎంపికయ్యావని మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పింది. చెబుతూనే సగం ఏడుపు, "డిగ్రీ చదివి సంచీ వేసుకుని ఊరంతా తిరగడమేంటక్కా" అని. నాకైతే గర్వంగా ఉంది. టెన్షన్ కూడా ఉంది, అబద్ధమెందుకు. ఏఎన్ఎంగా, అంటే సబ్ సెంటర్ నర్సుగా చేసి రిటైరయినదాన్ని కదా, ఆ పనిలో ఏముందో తెలిసి భయం, తెలిసే సంతోషం.

2005లో ఈ పథకం పెట్టినప్పుడే ఊళ్ళో కాపురమున్న ఆడవాళ్ళనే తీసుకోవాలన్నారు, సుమారు వెయ్యి జనాభాకి ఒకరు చొప్పున. వెయ్యి మందే కదా అనుకోకు. అందులో మీ ఆడపడుచు ఉంటుంది, మీ మామగారితో గట్టు తగాదా పడి మాటల్లేని ఇల్లూ ఉంటుంది. ముందు ఆ ఇంటికే వెళ్ళు. లేకపోతే ఆ ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల నీ రిజిస్టరులోకి ఎనిమిదో నెల దాకా ఎక్కదు.

రిజిస్టరు ఏ రోజుది ఆ రోజే రాయి. ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళలో ఒకేసారి కలపమను. విరేచనాలు ఆగిపోయినా జింకు 14 రోజులూ వేయించు. రెండు వారాలకి మించి దగ్గుంటే కఫం పరీక్షకి పంపు. ఇవన్నీ ట్రైనింగ్‌లో చెబుతారు, నువ్వూ తెలివైనదానివే.

నేను పట్టుబట్టి చెప్పేది ఊపిరి లెక్క గురించి, అంటే బిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో ఆ లెక్క. ఆస్పత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో బిడ్డని ఇంటికెళ్ళి చూడాలి, ఇంట్లోనే కాన్పయితే మొదటి రోజు కూడా. మా సబ్ సెంటర్ కింద ఒక ఆశా ఉండేది, పనిదొంగ అనడానికి వీల్లేని మనిషి. 14వ రోజు చూడ్డానికి వెళ్ళింది. మిట్టమధ్యాహ్నం, ఇంకా తిరగాల్సిన ఇళ్ళున్నాయి. బిడ్డ నిద్రపోతున్నాడు కదా లేపడమెందుకని చొక్కా మీదనుంచే చూస్తూ పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించేసింది. 13 వచ్చింది, 52 అని రాసుకుంది. 60 లోపే కదా, ఫరవాలేదు. బాలింత మెల్లిగా అందిట, "రాత్రి నుంచీ పాలు సరిగ్గా పట్టుకోవట్లేదక్కా" అని. "ఎండలకి అలాగే ఉంటారు, మాటిమాటికీ పట్టు" అని చెప్పి ఈవిడ లేచి వచ్చేసింది.

సాయంత్రం టీకాల లిస్టు కోసం అటు వెళ్ళి, నేనూ చూశాను. చొక్కా పైకి తీస్తే డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయి. నిండా నిమిషం లెక్కపెడితే 68. మళ్ళీ పెట్టాను, 70. వెంటనే 108ని పిలిపించి, తల్లి గుండెకి ఆనించి కప్పి పంపాం. బతికాడులే. ఇప్పుడు హైస్కూల్లో ఉన్నాడు, చెప్పిన మాట వినడని వాళ్ళమ్మ గోల.

పసిబిడ్డ మనలా ఒకే తీరుగా ఊపిరి తీయడు. కాసేపు గబగబా తీసి కాస్త ఆగుతాడు. ఆ ఆగినప్పుడు నీ పావు నిమిషం పడిందంటే లెక్క మొత్తం తప్పు. ఏడుస్తున్నా, పాలు తాగుతున్నా లెక్కపెట్టకు, ఊరుకునే దాకా ఆగు. రెండు నెలల లోపు బిడ్డకి 60 గానీ పైన గానీ వస్తే ఇంకోసారి పెట్టు, మళ్ళీ అంతే వస్తే పంపెయ్. రెండు నెలలు దాటి ఏడాది లోపైతే 50, ఆపైన ఐదేళ్ళ లోపు 40. ఇంకో సంగతి: ఆ 52 నిజమే అయినా ఆ బిడ్డని పంపాల్సిందే. పాలు పట్టుకోవట్లేదని తల్లి చెప్పడమొక్కటి చాలు. లెక్క కంటే ఆ మాట వదిలేసినందుకే నాకు ఆవిడ మీద ఇప్పటికీ కోపం.

ఈ ఇంటి విజిట్లు ఊరికే పెట్టలేదమ్మా. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ పల్లెటూరి ఆడవాళ్ళకే ఇదంతా నేర్పితే, మూడో ఏడాదికి పురిటి బిడ్డల చావులు 60 శాతానికి పైగా తగ్గాయి. నీకంటే తక్కువ చదువుకున్నవాళ్ళే చేసి చూపించారు. అందుకే మీ అమ్మ ఏడుపు పట్టించుకోకు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. మిమ్మల్ని కాగితాల మీద వాలంటీర్లనే అంటారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలందరికీ అవార్డిచ్చింది, అందరూ చప్పట్లు కొట్టారు, జీతాల కోసం రోడ్డెక్కడం మాత్రం వాళ్ళకి తప్పలేదు. ఏ కేసుకి ఎంత రావాలో సొంత నోట్‌బుక్‌లో రాసుకో. ఆటోలకి నీ చేతి డబ్బు పెట్టడం అలవాటు చేశావో, ఇక అది నీ డ్యూటీ అయిపోతుంది.

రాత్రి కేసుకి ఒంటరిగా వెళ్ళకు. నొప్పులొచ్చిన ఇంటి నుంచి ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్ళాలని ముందే చెప్పి పెట్టు, మొగమాటపడకు. మీ ఆయన్ని తోడు రమ్మను. విసుక్కుంటే నాకు చెప్పు, నేను మాట్లాడతాను. నాకు నీ రాత్రి ప్రయాణాలే బెంగ, పగలు ఎలాగైనా నెగ్గుకొస్తావు.

మధ్యాహ్నం అన్నం తిను, ఇళ్ళల్లో ఇచ్చే టీలతో కడుపు నింపుకోకు. కిట్‌లో ఇచ్చిన వాచీ నడుస్తోందో లేదో మొదటి రోజే చూసుకో, బ్యాటరీ అయిపోయి ఉంటుంది ఎప్పుడూ. మొదటి బిడ్డని చూసొచ్చిన రోజు నాకు ఫోన్ చెయ్యి, ఊపిరి ఎంత వచ్చిందో చెప్పు.

పెద్దమ్మ